పంపు మీద లూకా తాళం

ఆ బిల్డింగులో పనికి కుదిరి ఐదు నెలలు దాటినా, లోపల ఏం జరుగుతోందో విశ్రాంతమ్మకు ఒక పట్టాన బోధపడలేదు.

ములకలపల్లి దాటాక, టేకు అడవి మొదలయ్యే చోట, కిటికీ అన్నది లేకుండా కట్టిన తెల్లటి బిల్డింగు అది. డేటా సెంటర్ అన్నారు. అడిగిన ప్రశ్నకు మనిషిలాగే జవాబు చెప్పే కంప్యూటర్లు, ఏఐ అంటారే, అవి వేలకొద్దీ ఇందులో ఉంటాయన్నారు. ఉంటాయి కాబోలనుకుని విశ్రాంతమ్మ రోజుకు మూడుసార్లు హాళ్లన్నీ తడిగుడ్డతో తుడిచేది. ఐదు నెలల్లో ఒక్క కంప్యూటరూ ఆమె కంటబడలేదు. వాటికి బదులు బీరువాలంత ఇనుప పెట్టెలు వరసగా నిలబెట్టి ఉండేవి. వాటి ముందు నిలబడితే ఇటుక బట్టీ ముందు నిలబడ్డట్టు సెగ కొట్టేది. ఆ సెగను చల్లార్చడానికి గోడ అవతలి నుంచి లావుపాటి గొట్టాల్లో చన్నీళ్లు పరుగెత్తేవి. ఒకపక్క పొయ్యి రాజేస్తూ ఇంకోపక్క నీళ్లు పోసి ఆర్పుకునే సంసారాన్ని ఆమె తన అరవై ఒక్క ఏళ్లలో ఎక్కడా చూడలేదు.

"కంప్యూటర్లు ఏవి రూప్లా?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. రూప్లా తండా మనిషి, ఎలక్ట్రీషియన్. ఆమె తమ్ముడు లూకాకు పనిలో జోడీ.

"అవి ఆఖరుకు వస్తయక్కా. శానా ఖరీదు. గివి ఉత్త హీటర్లే. రేపు అవి వచ్చినంక ఎంత కరెంటు తింటయో, ఎంత వేడి కక్కుతయో, గంత వేడి ఇప్పుడే పుట్టిచ్చి, మన పంపులు తట్టుకుంటయా లేదా అని చూస్తున్నరు."

పక్కనే బకెట్టులోకి తడిగుడ్డ పిండుతున్న ఫ్లోరెన్స్ నవ్వింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంది. మనమేమో ఆ సోమలింగానికి రోజూ మూడు పూటలు ఇల్లు తుడుస్తున్నం."

ఆ బిల్డింగు మొత్తంలో విశ్రాంతమ్మకు సాంతం అర్థమైంది ఒక్కటే, తాళాల పద్ధతి. ఏ మిషన్లో చెయ్యి పెట్టాలన్నా ముందు దాని స్విచ్చి ఆపాలి. ఆపి, ఆ స్విచ్చి మళ్లీ ఎవరూ వెయ్యకుండా దానికి తన ఎర్ర తాళం తగిలించాలి. ఎవరి తాళం వాళ్లదే, తాళంచెవి వాళ్ల జేబులోనే. తాళానికి ఒక అట్ట వేలాడుతుంది. దాని మీద ఆ మనిషి ఫోటో, పేరు, కింద తెలుగులో ఒక మాట ఉంటాయి. బడి మొహం చూడకుండా, బైబిలు పట్టుకుని, చింతపండు పొట్లం కాగితాలు పట్టుకుని తనకు తానే అక్షరాలు కూడబలుక్కున్న మనిషి కాబట్టి, కనబడ్డ ప్రతి రాతనూ చదవందే ఆమె కాలు ముందుకు పడదు. 'ఈ తాళం వేసినవారే తీయవలెను' అని ఉంది. ఒక మిషన్ మీద ఐదుగురు పని చేస్తే ఐదు తాళాలు. ఐదుగురూ తిరిగొచ్చి ఎవరిది వాళ్లు తీసుకునేదాకా ఆ మిషన్ కదలదు. ఎవడి చెయ్యి లోపల ఉందో తెలియకుండా ఇంకెవడో స్విచ్చి వేస్తే ప్రాణం పోతుంది గనక ఆ కట్టుబాటు.

ఇది ఆమెకు ఎంతో నచ్చింది. మనుషులు ఇళ్లలోంచి వెళ్లేటప్పుడు కూడా ఇలాంటి తాళం ఒకటి వేసి వెళితే బాగుండేది కదా అనుకుంది. ఆమెకు పదిహేడో ఏట తల్లి పోయింది, మూడేళ్ల లూకాను చంకన పెట్టి. భర్త లారీ మీద పోయినవాడు లారీ మీదనే పోయాడు. కుక్కునూరు ఇచ్చిన పెద్దక్క సంగతి మరీ చోద్యం. అక్క ఊరు ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మారిపోయింది. ఏ తోవన పోతే ఎవరు కనబడకుండా పోతారోనని విశ్రాంతమ్మ ఎవరు బయల్దేరినా మలుపుదాకా వెళ్లి, వీపు కనబడినంతసేపూ నిలబడేది. ఫ్లోరెన్స్ ఆటో ఎక్కినా అంతే.

లూకా వెళ్లిపోయి ఇరవై రెండు రోజులైంది. పంపింది తానే.

పొద్దున పని మొదలయ్యే ముందు సేఫ్టీ ఆఫీసరు జయప్రకాశ్ అందరినీ నిలబెట్టి రోజూ ఒకటే మాట చెప్పేవాడు. "ఒంట్లో బాగలేకుంటే దాచొద్దు. పక్కోడికి ఏదన్నా ఉందని తెలిసినా దాచొద్దు. చెప్తే వాణ్ని కాపాడినోళ్లవుతరు." అందరూ ఆ మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేవాళ్లు. విశ్రాంతమ్మ మాత్రం దాన్ని బైబిలు వాక్యంలా మనసులో పెట్టుకుంది. లూకాకు చిన్నప్పుడు మూర్ఛ ఉండేది. పెద్దయ్యాక ముప్పయ్యో ఏట ఒక్కసారి వచ్చింది. మళ్లీ పదిహేడేళ్లుగా రాలేదు. వాణ్ని అంత పొడుగు నిచ్చెన మీద, కరెంటు తీగల మధ్య చూసిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. చివరికి ఒక పొద్దున జయప్రకాశ్ పక్కకు వెళ్లి, మెల్లగా, ఆ సంగతి చెప్పేసింది.

మధ్యాహ్నానికల్లా లూకాను కరెంటు పని నుంచి తప్పించారు. డాక్టరు కాగితం తెచ్చేదాకా సామాన్లు మొయ్యడమే పనన్నారు. అప్పుడు లూకా పంపుల గదిలో ఉన్నాడు. నాలుగో నంబరు పంపు నీళ్లు కారుతుంటే స్విచ్చి ఆపి తాళం వేసి, విప్పబోతున్నాడు. కబురు తెలిసి, ఇవతల తుడుస్తున్న అక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వేనా చెప్పింది?"

"భయమైంది రా."

"పదిహేడేండ్లయింది అక్కా. నాకే గుర్తులేదు. నీకొక్కదానికే గుర్తుంది."

"నిచ్చెన మీద ఏమన్నా అయితే..."

"నలభై ఏడేండ్లోణ్ని. ఇంకా నీ చంకలనే ఉన్న అనుకుంటున్నవా? నీ భయానికి నేను మూటలు మొయ్యాల్నా?"

అంతే. తడినేల మీద బూటు అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయాడు. మనిషి గడప దాటి వెళ్లగానే వెనకనుంచి ఊడ్చకూడదు. ఊడిస్తే ఆ మనిషి తిరిగి రాడంటారు. ఇవన్నీ విశ్వాసులకు తగవని పాస్టరుగారు ఎన్నిసార్లు మందలించినా విశ్రాంతమ్మ ఆ ఒక్కటి వదలలేదు. కానీ ఆ రోజు సూపర్‌వైజరు వచ్చి, నీళ్లున్నాయి, ఎవరైనా జారిపడతారు, వెంటనే తుడవమన్నాడు. తుడిచింది. బూటు అడుగులు ఒక్కొక్కటే గుడ్డకు ఎక్కాయి. ఆ సాయంత్రం నుంచి లూకా ఇంటికి రాలేదు. నంబరు పనిచెయ్యడం లేదని ఫోన్లో ఆడమనిషి గొంతు చెప్పింది.

తాళం మాత్రం ఉంది. పంపు మరమ్మతు వేరేవాళ్లు చేశారు, వాళ్ల తాళాలు వాళ్లు తీసుకుని పోయారు. లూకా తాళం ఒక్కటే నాలుగో పంపు స్విచ్చికి వేలాడుతూ ఉండిపోయింది. రోజూ పదింటికి ఆ గది తుడవడానికి వెళ్లినప్పుడు అట్ట మీద తమ్ముడి ఫోటో ఆమె వైపు చూసేది. ఫోటోలో వాడు నవ్వడం లేదు, అయినా ఉన్నాడు. తాళం వేసినవాడే తియ్యాలి. అంటే వాడు రాక తప్పదు. ఎక్కడున్నా, ఎంత కోపమున్నా, ఒక్కసారైనా ఈ తలుపులోంచి రావాలి. విశ్రాంతమ్మ ఇరవై రెండు రోజులు ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది.

ఇరవై మూడో రోజు పెద్ద టెస్టు.

అన్ని హీటర్లూ ఒకేసారి వేసి, బిల్డింగు పూర్తి వేడిలో ఉండగా, బయటి కరెంటును కావాలనే తీసేస్తారట. కళ్లు మూసి తెరిచేలోపు బ్యాటరీలు అందుకోవాలి, వాటి వెనకే జనరేటర్లు లేవాలి, పంపులన్నీ తిరుగుతూనే ఉండాలి. ఉన్న కరెంటును చేజేతులా తీసేసుకోవడం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. పొద్దున తొమ్మిదికి ఆమెను కంట్రోల్ రూముకు రమ్మన్నారు. అక్కడ జయప్రకాశ్, టెస్టులన్నీ చూసుకునే ఇంజనీరు దీపిక కూర్చుని ఉన్నారు. దీపిక సత్తుపల్లి పిల్ల, రైతుల ఇంటి బిడ్డ. అందరినీ మీరు అంటుంది.

"విశ్రాంతమ్మగారూ, కూర్చోండి. అన్ని తాళాలూ వచ్చేశాయి. మీ తమ్ముడిది ఒక్కటే మిగిలింది. ఆయన నంబరు కలవట్లేదు. ఇంకో నంబరేదైనా ఉందా?"

"లేదు బిడ్డా. నాకూ చెయ్యట్లే."

"మరి ఆయన రాకుండా తాళం కొయ్యాలంటే మాకొక పద్ధతుంది. ఆయన సైట్‌లో లేరని రూఢి చేసుకోవాలి. ఇంటివాళ్లను అడగాలి. ఆయన కాగితాల్లో మీ పేరే ఉంది." దీపిక ఒక కాగితం జరిపింది. "ఆయన ఇక్కడ లేరని రాసి ఉంది. చదువుకుని సంతకం పెడితే చాలు. కోసేసి పంపు నడుపుకుంటాం."

విశ్రాంతమ్మ కాగితం చదివింది. చదువుతూ ఉండగానే అక్షరాలు కలగాపులగమయ్యాయి. కోసేస్తే? కోసేస్తే వాడికి ఇక్కడ ఇంక ఏముంది? ఏం తియ్యడానికి వస్తాడు? తాను చెప్పిన మాట వల్లే వెళ్లాడు, ఇప్పుడు తాను పెట్టిన సంతకంతో రాకుండా పోతాడు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఆగితే ఏం పోతుంది వీళ్లకు?

"ఎందుకు కొయ్యడం," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "వాడు వచ్చిండు."

జయప్రకాశ్ తలెత్తాడు. "ఎక్కడికి వచ్చిండు?"

"ఇక్కడికే. పొద్దున వచ్చిండు. లోపలికి పోయిండు."

రేపు వస్తాడేమో, ఆగండి అని చెబుదామనే ఆమె ఉద్దేశం. నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. పోనీ దిద్దుకుందామంటే వ్యవధి లేదు. జయప్రకాశ్ కుర్చీ వెనక్కి పడింది. గోడ మీది ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

తాళం మిషన్ మీద ఉండి, తాళం మనిషి బిల్డింగు లోపల ఉన్నాడంటే, ఆ మనిషి కళ్లబడేదాకా అక్కడ ఏదీ కదలకూడదు. గేటు పుస్తకంలో పేరు లేకపోయినా సరే, వాడు ఏ గొట్టం వెనక ఉన్నాడో, ఏ ట్యాంకులో దిగాడో ఎవరికి తెలుసు? ఆ ముక్క విశ్రాంతమ్మకు ఎవరూ చెప్పలేదు. తాళాల పద్ధతి అంతా తెలుసనుకుంది గాని, ఈ సగం తెలియదు.

సైరను మోగింది. హీటర్లు ఆగిపోయాయి. నాలుగు తలుపుల్లోంచీ జనం బయటికి వచ్చి, గేటు దగ్గరి మైదానంలో వరసలు కట్టారు. రెండు వందల పద్నాలుగు మంది. ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ టిక్కు పెడుతున్నారు. పిలవాల్సినవాళ్లు అయిపోయాక మైకులో జయప్రకాశ్ గొంతు వినిపించింది.

"లూకా. ఎలక్ట్రీషియన్ లూకా. ఎక్కడున్నా మైదానానికి రావాలి. లూకా."

విశ్రాంతమ్మ వరసలో ఫ్లోరెన్స్ పక్కన నిలబడి వింది. ఇన్ని రోజులూ ఆ పేరును ప్రార్థనలో పెదవుల మధ్య అనుకోవడమే తప్ప పైకి అన్నది లేదు. ఇప్పుడు ఆ పేరు నాలుగు మైకుల్లోంచి లేచి, టేకు చెట్ల మీదుగా పోయి, అటు గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. ఎవరో ఒకరు తన తమ్ముణ్ని వెతుకుతున్నారు. ఇరవై రెండు రోజులకు మొదటిసారి, తాను ఒక్కతే కాదు. ఆమెకు తెలియకుండానే ముఖం తలుపు వైపు తిరిగింది. వస్తాడేమో. నిజంగానే పొద్దున వచ్చాడేమో. తాను చూడలేదేమో గాని, ఆటోలో వచ్చి వెనక గేటు నుంచి వెళ్లాడేమో. తాను అబద్ధం చెప్పిందా, తెలియకుండా నిజమే చెప్పిందా? కాసేపు ఆమెకు ఏదీ తేలలేదు.

"నీ తమ్ముడు వచ్చిండా? నాకు చెప్పనే లేదు," అంది ఫ్లోరెన్స్. "ఏం అంగీ వేసుకున్నడు? వెతికేటోళ్లకు చెప్పాలె కదా."

విశ్రాంతమ్మ నోరు తెరిచింది. నీలం అంగీ అనబోయింది. ఆ రంగు ఎక్కడిదో గుర్తొచ్చి ఆగింది. అట్ట మీది ఫోటోలో వేసుకున్నది అది.

టార్చిలైట్లు పట్టుకుని ఎనిమిది మంది లోపలికి వెళ్లారు. నేల పలకలు ఎత్తి చూశారు. గొట్టాల సందుల్లోకి పాక్కుంటూ పోయారు. గంట గడిచింది. ఆఖరికి బిల్డింగు వెనక నీళ్ల ట్యాంకు మూత తీసి, దాని చుట్టూ గుమిగూడారు. విశ్రాంతమ్మకు కాళ్లు ఆగలేదు, వరస తప్పి అటు నడిచింది. ట్యాంకు నోటి దగ్గర రూప్లా నడుముకు తాడు కట్టించుకుంటున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడే మనిషి, పెదవులు బూడిద రంగులో ఉన్నాయి.

"వేరేటోళ్లు దిగుతరు రూప్లా," అంటున్నాడు జయప్రకాశ్.

"వద్దు సార్. నా జోడీగాడు. లోపల ఉంటే నేనే తీస్త."

ఏం తియ్యడానికి దిగుతున్నాడో అప్పుడు అర్థమైంది విశ్రాంతమ్మకు. తమ్ముణ్ని వెతుకుతున్నారనుకుంది. తమ్ముడి శవాన్ని వెతుకుతున్నారు. వాడి కోసం ఇంకొక తల్లి కన్నబిడ్డ ఆ చీకటి నీళ్లలోకి దిగుతున్నాడు. రెండు చేతులతో తాడు పట్టేసుకుంది.

"దిగకు నాయనా. వాడు లేడు. వాడు రాలే సార్. నేను అబద్ధం చెప్పిన."

జయప్రకాశ్ హెల్మెట్ తీసి, ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. తిడతాడనుకుంది, తిడితే బాగుండుననుకుంది.

"ఎందుకండీ?" అని అడిగింది దీపిక. కోపంగా కాదు, నిజంగానే తెలియక.

"తాళం కోస్తే ఇంకెందుకు వస్తడు బిడ్డా? వాడు తియ్యాల్సింది అదొక్కటే ఉంది ఇక్కడ."

రూప్లా తాడు విప్పుకుంటూ ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, తల దించుకున్నాడు. "అక్కా, నేను గూడ నీతోని నిజం చెప్పలే. నువ్వు వచ్చిండన్నవని, చెప్పకుండ వచ్చిండేమో అనుకున్న. వాడు చెన్నై అవతల ఉన్నడు. అక్కడ గూడ గిసుంటి బిల్డింగే కడుతున్నరు. మొన్న ఆదివారం మాట్లాడిన. అక్కకు చెప్పకు అన్నడు."

"బాగున్నడా?"

"బాగనే ఉన్నడు. డాక్టరు కాగితం తెచ్చుకున్నడు. పంపులే చూస్తున్నడు."

విశ్రాంతమ్మకు ఏడుపు రావాలో ఊపిరి రావాలో తెలియక రెండూ కలిసి దగ్గులా వచ్చాయి. వాడు బాగున్నాడు. బాగుండి కూడా చెప్పొద్దన్నాడు. ఈ రెండు ముక్కల్లో ఏది పట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

పంపుల గదిలో నాలుగో నంబరు ముందు నిలబడి జయప్రకాశ్ రూప్లా ఇచ్చిన నంబరుకు ఫోను చేశాడు. స్పీకరు పెట్టి, ఒక కాగితంలోంచి చదివాడు. పద్ధతి అది, అడిగినవన్నీ అడగాలి, వింటున్నవాళ్లందరి పేర్లూ చెప్పాలి.

"లూకా, నేను జయప్రకాశ్. ఇక్కడ దీపిక మేడమ్ ఉంది, రూప్లా ఉన్నడు. మీ అక్క ఉంది."

అవతల ఏదో మిషన్ రొద. విశ్రాంతమ్మ ఫోనుకు దగ్గరగా జరిగింది.

"చెప్పండి సార్," అంది లూకా గొంతు, కొంతసేపటికి.

"నాలుగో పంపు స్విచ్చి మీద ఉన్న తాళం నీదేనా?"

"నాదే. తాళంచెవి గూడ నా కాడనే ఉంది. తప్పయింది సార్."

"దాని వెనక నీ సామాను, నీ మనుషులు ఎవరన్నా ఉన్నరా?"

"ఎవరూ లేరు."

"నువ్వు రాకుండ తాళం కొయ్యడానికి ఒప్పుకుంటున్నవా?"

ఈసారి ఆగలేదు. "కోసెయ్యండి."

విశ్రాంతమ్మ గోడకు ఆనుకుంది. అయిపోయింది. ఇరవై రెండు రోజులు పట్టుకున్న కొస ఒక్క మాటతో తెగిపోయింది.

"పంపు నడిపే ముందు మాకు చెప్పాల్సింది ఇంకేమన్నా ఉందా?" జయప్రకాశ్ ఆఖరి ప్రశ్న చదివాడు.

"ఉంది సార్. రోజూ పదింటికి ఆ గది తుడవనీకి మా అక్క వస్తది. ఆమెకు ఎడమ చెవి వినపడదు. పదేండ్లాయె. ఎవరికీ చెప్పదు, మనిషి మూతి చూసి జవాబు చెప్తది. అక్కడ పంపు లేసే ముందు హారన్ కొడతరు కదా, అటు తిరిగి ఉంటే ఆమెకు వినపడదు. టెస్టింగ్ అయ్యేదాక ఆమెను ఆ గదిలకు రానియ్యకుండ్రి."

గదిలో అందరూ విశ్రాంతమ్మ వైపు తిరిగారు. జయప్రకాశ్ ఆమెను, ఆమె చెవిని, మళ్లీ ఆమెను చూసి, కాగితం మీద ఆ సంగతి రాసుకున్నాడు. ఫోను పెట్టేశారు. రూప్లా పెద్ద కట్టరు తెచ్చి రెండు చేతులతో నొక్కాడు. తాళం కొమ్ము టప్పుమని తెగింది. అట్టతో సహా దాన్ని ఒక కవరులో వేసి నంబరు రాసి లోపలికి తీసుకుపోయారు. ఫోటో అడుగుదామనుకుంది గాని అప్పటికే కవరు తలుపు దాటింది.

"పెద్దమ్మా," అన్నాడు జయప్రకాశ్, మూతి కనబడేలా ముందుకు వచ్చి, "అబద్ధం సంగతి రిపోర్టు రాయక తప్పదు. పని ఉంచుతరో తీసేస్తరో నా చేతిల లేదు. ఇగ పంపుల గదికి, జనరేటర్ల దిక్కు నువ్వు పోవద్దు. చెవి డాక్టరు కాగితం తెచ్చేదాక గేటు కాడ వాకిలి ఊడువు."

"నాకేం చెవుడు లేదు సార్. కొంచెం మందం, అంతే."

"కాగితం తే."

గేటు దగ్గరికి నడుస్తూ ఉంటే ఒళ్లంతా మండింది విశ్రాంతమ్మకు. అందరి ముందూ. దీపిక ముందు, ఆ పిల్ల ముందు. పదేళ్లు ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చింది. సంతలో, చర్చిలో, ఈ పనిలో, మనుషుల మూతులు చదివి నెగ్గుకొచ్చింది. ఆ గుట్టును ఒక్కమాటలో నడిబజారున పెట్టేశాడు. కక్ష కట్టాడు. తాను చేసిందానికి బదులు తీర్చుకున్నాడు. అలా అనుకుంటూ పది అడుగులు వేసింది. పదకొండో అడుగులో ఇంకో సంగతి తగిలి నిలబడిపోయింది. లూకా తనతో ఎక్కడికి నడిచినా కుడిపక్కనే నడిచేవాడు. రోడ్డు మీద, పొలం గట్టు మీద, చివరికి చర్చిలో కూడా ఆడవాళ్ల వైపు కొసన తాను కూర్చుంటే, మగవాళ్ల వైపు కొసన తనకు కుడిచేతి పక్కనే వాడు. వాడికి ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో. తాను చెప్పలేదు.

అయితే ఇది కక్ష అనుకోవాలా, కాదనుకోవాలా? తాను ఉన్నదని తెలిసి చెప్పాడా, ఎలాగూ చెప్పేవాడా? తాను వాడి సంగతి జయప్రకాశ్‌కు చెప్పినప్పుడు వాడికీ ఇలాగే ఉండి ఉంటుంది గదా, ఒంటి మీద బట్ట లాగేసినట్టు. పదిహేడేళ్లు వాడు ఎంత జాగ్రత్త పడ్డాడో, తాను ఎన్నడైనా అడిగిందా? ఆలోచన ఎటు లాగినా ముడి బిగుస్తోందే తప్ప విడిపోలేదు.

మధ్యాహ్నం మూడింటికి టెస్టు మళ్లీ పెట్టారు. పనిలేనివాళ్లందరినీ మైదానంలో నిలబెట్టారు. రూప్లా వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. హీటర్లు వేశారని చెప్పాడు. తర్వాత కరెంటు తీశారు. ఐదు నెలలుగా చెవులకు అలవాటైన హోరు ఒక్కసారి బాగా తగ్గిపోయింది. అడవిలో ఏదో పిట్ట అరవడం వినబడింది. అంతలో జనరేటర్లు ఒకటి తర్వాత ఒకటి గర్జించి లేచాయి. కాళ్ల కింద నేల అదిరింది.

విశ్రాంతమ్మ కొంగు ముడిలోంచి తన చిన్న ఫోను తీసింది. రూప్లా దగ్గర నంబరు చెప్పించుకుని, ఒక్కొక్క అంకే నొక్కింది. ఎత్తడనుకుంది. మూడో రింగుకు ఎత్తాడు.

"అందరి ముందట నా చెవి సంగతి ఎందుకు చెప్పినవ్ రా?" అంది, ఎవరు, ఎలా ఉన్నావు అని కూడా లేకుండా. "గేటు కాడ ఊడవమన్నరు నన్ను. అరవై ఏండ్లు వచ్చినయ్, నా బతుకు నాకు తెల్వదా? నువ్వెవడివి రా చెప్పనీకి?"

అవతల మిషన్ రొద వినబడుతోంది. "నేను గూడ గదే అన్న గదక్కా ఆ రోజు," అన్నాడు లూకా.

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. వాడూ పెట్టెయ్యలేదు.

"ఎప్పుడొస్తవ్?"

"వచ్చుడు సంగతి తెల్వదు. ఇక్కడ టెస్టింగ్ నడుస్తున్నది. ఫోనైతే ఎత్తుతా."

"తాళం కోసిండ్రు."

"తెల్సు. పంపు లేసిందా?"

"నన్ను బయట నిలబెట్టిచ్చినవ్ గద, నాకేం తెల్సు?"

"రూప్లాను అడుగు."

అడిగింది. రూప్లా వాకీటాకీలో ఏదో అడిగి, విని, చెప్పాడు. ఆమె ఫోనును కుడిచెవికి అదుముకుని, ఒక్కముక్కా అర్థం కాకపోయినా విన్నది విన్నట్టు అప్పజెప్పింది. "నాలుగు పంపులు తిరుగుతున్నయట. నాలుగో దానిల ప్రెషర్ ఐదున్నర కాడ ఊగుతున్నదట."

"ఐదున్నరనా? ఊగొద్దే." లూకా గొంతులో పని తెలిసినవాడు లేచి కూర్చున్నాడు. "వెనక వాల్వు సగమే తెరిచిండ్రేమో చూడమను. పూర్తిగ తిప్పమను. గట్టిగ చెప్పు, అక్కడ రొదల వాడికి వినపడదు."

విశ్రాంతమ్మ గట్టిగా చెప్పింది. రూప్లా వాకీటాకీలోకి చెప్పాడు. లోపల ఎవరో దేన్నో తిప్పడానికి వెళ్లారు. మైదానంలో అందరూ ఆమె చేతిలోని ఫోను వైపే చూస్తున్నారు.

"ఉండు, పెట్టెయ్యకు," అంది ఆమె. "కనుక్కుంటున్నరు."

"లైన్లనే ఉన్న," అన్నాడు లూకా.